ఏటిగట్టు దాకా వచ్చి బండి తిప్పుకుపోయే నాన్నలు

ప్రశ్న: మాస్టారికి వందనాలు. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. నాకు 29 ఏళ్ళు, మందుల షాపులో పని. మా చర్చి సంఘంలో తొమ్మిది నుంచి పదిహేనేళ్ళ మగపిల్లల కోసం రెండేళ్ళ కిందట ఒక బృందం మొదలుపెట్టాను. నెలలో రెండు శనివారాలు సాయంత్రం కలుస్తాం. ఒక పాట, చిన్న వాక్యం, ఆ తర్వాత అంతా ఆరుబయటే. ఏటిగట్టు మీద నడక, తాడు ముడులు, పొయ్యి వెలిగించడం, పిట్టల్ని గుర్తుపట్టడం. 18 మంది పిల్లలు వస్తున్నారు. వాళ్ళ నాన్నలు మాత్రం ఇంజను కూడా ఆపకుండా పిల్లాణ్ణి దింపి, బండి తిప్పుకుని వెళ్ళిపోతారు. అమెరికాలో ఇలాంటి బృందాల్లో నాన్నలే కొడుకులతో కలిసి గుడారాలు వేయడం వీడియోల్లో చూశాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఏటి మధ్య లంకలో క్యాంపు పెడదామనుకుంటున్నాం. "నాన్న రాకపోతే పిల్లాడూ రాకూడదని రూల్ పెట్టు, చచ్చినట్టు వస్తారు" అంటున్నారు పాస్టరుగారు. ముగ్గురు పిల్లల నాన్నలు గల్ఫ్‌లో ఉన్నారు. నలుగురైదుగురు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. ఒకాయన తాగుతారు. ఒకాయన విశ్వాసి కాదు, భార్యాపిల్లలే గుడికి వస్తారు. ఉన్నవాళ్ళలో క్రమం తప్పకుండా వచ్చేది ఒక్కాయనే, ఆయనేమో పిల్లలు చేయాల్సినవన్నీ తనే చేసేస్తారు. రూల్ పెట్టమంటారా?
ఒక సోదరుడు

సమాధానం:

బాబూ,

రూల్ పెట్టకండి. పాస్టరుగారి ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఆ రూల్ నాన్న మీద పెడితే దెబ్బ పిల్లాడికి తగులుతుంది. ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేనూ ఒకప్పుడు ఆ రూల్ పెట్టినవాణ్ణే.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిగా ఉంటూ స్కౌట్ ట్రూపు నడిపే రోజులవి. 1986 ఆగస్టు వరద వచ్చి వెళ్ళిన మరుసటి ఏడాది. క్యాంపుకి రావాలంటే చీటీ మీద నాన్న సంతకం ఉండాలి, చివరి రోజు నాన్న హాజరు కావాలి అన్నాను. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు చీటీ తెచ్చాడు. సంతకం వాడిదేనని చూడగానే తెలిసింది, వాడి 'ర' అక్షరం నాకు తెలుసు. అందరి ముందూ నిలబెట్టి దొంగ సంతకం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. వాడు నోరెత్తలేదు. సాయంత్రం మా స్కూలు అటెండరు మెల్లిగా చెప్పాడు, వాళ్ళ నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయి రెండేళ్ళయిందని, ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరని. ఆ కుర్రాడు మళ్ళీ ట్రూపుకి రాలేదు. పదేళ్ళ తర్వాత సఖినేటిపల్లి రేవులో కనపడి, "బాగున్నారా మాస్టారూ" అన్నాడు, మర్యాదగానే. నాకు మాత్రం ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డు చేరేదాకా మాట పెగల్లేదు.

మీ 18 మందిలో ముగ్గురి నాన్నలు గల్ఫ్‌లో ఉన్నారని మీకు తెలుసు. ఇంకెవరింట్లో ఏముందో మీకు తెలియదు. కాబట్టి నాన్న అనే మాటను గేటు దగ్గర టిక్కెట్టులా అడక్కండి.

ఇక అసలు సంగతి. నాన్నలు ఎందుకు రారో మీరెప్పుడైనా వాళ్ళనే అడిగారా? నేను అడిగాను, టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టి, ఒకరిద్దర్ని కాదు. మొదటి టీకి పని ఉందంటారు. రెండో టీకి మనసులో మాట బయటికొస్తుంది. "అక్కడికొస్తే ప్రార్థన చెయ్యమంటారేమో మాస్టారూ." అదండీ విషయం. మన గుళ్ళల్లో చూడండి. ఆడవాళ్ళకి పాటలు పుస్తకం లేకుండా వచ్చు, స్త్రీల సమాజంలో ప్రార్థన చేసి చేసి నోరు తిరిగింది. మగాళ్ళు చాలామంది చివరి వరసలో, చెప్పులు విడిచే చోట, లేదంటే బయట వేపచెట్టు కింద బళ్ళ దగ్గర. ఆశీర్వాదం వేళకి లోపలికొస్తారు. వాళ్ళకి భక్తి లేదని కాదు. ఎక్కడ మైకు చేతికిచ్చి "అన్నయ్యా, రెండు మాటలు" అంటారోనని టెన్షన్. కొడుకు ముందు నోట మాట రాక నిలబడే కంటే బండి తిప్పుకుని పోవడం మేలనుకుంటాడు. ఆ స్థానంలో ఉంటే నేనూ అంతే చేస్తాను.

అందుకని మీరు ముందుగా ఇవ్వాల్సిన హామీ ఒకటుంది. ఏ నాన్ననీ ముందుగా అడక్కుండా ప్రార్థన చేయమనం, పాడమనం, సాక్ష్యం చెప్పమనం. ఈ మాట ముఖాముఖి చెప్పండి. ఆదివారం ప్రకటనల్లో చెబితే సంఘమంతా వింటుంది గానీ చెప్పాల్సిన మనిషి ఆ టైముకి వేపచెట్టు కిందే ఉంటాడు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు వస్తాయి, మనుషులు రారు. భార్య చేత మాత్రం కబురు పంపకండి. ఇంట్లో ఆవిడ ఆ మాట మూడోసారి అనేసరికి అది పోరు కిందికి మారిపోతుంది, మీ బృందం పేరు వింటేనే ఆయనకి చిరాకు పుడుతుంది.

అమెరికా వీడియోల గురించి ఒక మాట. అక్కడి బృందాలు మంచివే. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే సంఘం వాళ్ళ రాయల్ రేంజర్స్ 1962లో మొదలైంది. 2013లో మొదలైన ట్రైల్ లైఫ్ యూఎస్ఏలో చర్చిలే ట్రూపులు నడుపుతాయి, నాన్నలు కొడుకులతో కలిసి అడవిలో నడుస్తారు, గుడారాల్లో పడుకుంటారు. కానీ ఆ వీడియోలో కనపడే నాన్నలకి చాలామందికి శని, ఆదివారాలు సెలవు. మన దగ్గర శనివారం సెలవున్న నాన్న ఎవరు? బ్యాంకు ఉద్యోగికైనా రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రమే. కొబ్బరి దింపుకి, రొయ్యల మేతకి, పంటుకి వారాలు లేవు.

అసలు ఈ బృందాల పుట్టుక చూస్తే మీకు ధైర్యం వస్తుంది. 1883 అక్టోబరు 4న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో బాయ్స్ బ్రిగేడ్ మొదలుపెట్టిన విలియం అలెగ్జాండర్ స్మిత్ పాదిరీ కాదు, మీలాంటి సండే స్కూలు టీచరు. పెద్దపిల్లలు క్లాసులో మాట వినడం లేదు, గోల, విసుగు. ఆయనకి వాలంటీరు సైన్యంలో నేర్చిన డ్రిల్లు వచ్చు. వచ్చిన పనినే తెచ్చి పిల్లల ముందు పెట్టాడు, కుర్రాళ్ళు నిలబడ్డారు. హెబ్రీ పత్రికలో చెప్పిన లంగరుని గుర్తుగా పెట్టుకున్నాడు. 1907లో స్కౌట్ ఉద్యమానికి మూలపురుషుడు బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో తొలి క్యాంపు పెట్టినప్పుడు తీసుకెళ్ళిన సుమారు 20 మంది పిల్లల్లో కొందరు ఈ బ్రిగేడ్ కుర్రాళ్ళే. మన నరసాపురం సంగతే చూడండి. 1836లో ఓడెక్కి మన దేశం వచ్చి, తర్వాత ఇక్కడ చేరిన మిషనరీలు బౌడెన్, బీర్ కూడా పెద్ద చదువుల దొరలు కారు, చేతి పని చేసుకు బతికిన మామూలు మనుషులు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ నాన్నలకి కూడా వచ్చిన పనులున్నాయి. ఆ పనుల్ని మీరింకా అడగలేదు.

"రండి, కూర్చోండి, మీ పిల్లల్ని ప్రోత్సహించండి" అంటే ఏ మగాడూ రాడు. "మీ విసురువల పట్టుకుని రండి, వల ఎలా విసరాలో మా కుర్రాళ్ళకి చూపించాలి, నాలుగు నుంచి ఐదున్నర దాకా" అంటే వస్తాడు. వచ్చి ఆరున్నరైనా వెళ్ళడు.

మీ 18 మంది పిల్లల నాన్నల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఎదురుగా ఆ మనిషికి చేతనైన పని రాయండి. తెలియకపోతే పిల్లాణ్ణి అడగండి, "మా నాన్న" అని మొదలుపెట్టి వాడే చెబుతాడు. మత్తయి సువార్తలో యాకోబు, యోహాను ఎక్కడ కనపడతారు? నాన్న జెబెదయితో దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ. ఆ వాక్యం మీరు గుడిలో చెప్పేకంటే, రేవులో ఒక నాన్న చిరిగిన వల కంత అల్లుతుంటే పక్కన కూర్చుని చదివి చూడండి.

ఎవరైనా పడవ నడిపే నాన్న ఉంటే ఆయనకి ఆటుపోట్లు కంఠోపాఠం. రోజుకి రెండు పోట్లు, ప్రతి రోజూ ముందు రోజు కంటే ముప్పావుగంట పైచిలుకు ఆలస్యం, పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది. ఇది పిల్లలు భౌతికశాస్త్రంలో చదువుతారు, వశిష్ఠ గోదావరి ఒడ్డున నిలబడి చూడరు. రేవు మెట్ల మీద ఒక పుల్ల గుచ్చి నీరు ఎక్కడిదాకా వచ్చిందో గంట గంటకీ గుర్తు పెట్టించమనండి. దింపు పని చేసే నాన్న కాళ్ళకి వేసుకునే తాడు ముడి మీ పుస్తకంలోని ముడుల కంటే గట్టిది, ప్రాణం దాని మీదే ఆధారపడింది మరి. ఇరిగేషన్‌లో కాలువ తూములు చూసే లస్కరుగా పనిచేసే నాన్న ఉన్నాడనుకోండి, ఆయనకి ఒక పూట మొత్తం ఇవ్వండి. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువలోకి వదిలిన నీళ్ళు మీ ఊరి పంట బోదె దాకా ఎన్ని లాకులు, ఎన్ని తూములు దాటి వస్తాయో కాలువ గట్టు మీద నడుస్తూ చెప్పమనండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని కాటన్ దొర బొమ్మ కింద అందరూ చదువుతారు. శివారు చేనుకి నీళ్ళందకపోతే అర్ధరాత్రి తూము దగ్గర ఏ గొడవ జరుగుతుందో లస్కరు కొడుక్కి కూడా తెలియదు. కొడుకులకి నాన్న పని చాలావరకు తెలియదు, డబ్బు తెచ్చేదాకానే తెలుసు. నా అనుభవంలో, కొడుకు కళ్ళు పెద్దవయ్యేది అవతలి పిల్లలు "మీ నాన్నకి ఇదంతా వచ్చా" అన్నప్పుడే. ఒకసారి అది చూసిన నాన్నని రెండోసారి మీరు పిలవక్కర్లేదు.

రొయ్యల చెరువుల వాళ్ళ గురించి. వాళ్ళని రాత్రి క్యాంపుకి రమ్మనడం తెలియక అడగడమే. తెల్లవారకముందే నీళ్ళల్లో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది. ఆ టైములో కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే జనరేటరు వేసే మనిషి అక్కడ ఉండాలి. కునుకు తీస్తే పంట పోతుంది. అందుకని వాళ్ళని గుడికి పిలవడం మానేసి పిల్లల్నే చెరువుగట్టుకి తీసుకెళ్ళండి. యజమానిని ముందు అడగండి. సాయంత్రం మేత వేళకి వెళితే మేత ట్రే నీళ్ళలోంచి ఎత్తి, రొయ్య ఎంత తిన్నదో, పేగు నిండిందో లేదో ఆయన చూపిస్తాడు. వాక్యం కూడా అక్కడే చెప్పుకోవచ్చు. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయంలో పిల్లలకి ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిన నడిచేటప్పుడూ చెప్పమని ఉంది. చెరువుగట్టు కూడా దారే కదా. ఒక్క జాగ్రత్త: ఏరేటర్ల వైర్లు తడి గట్ల మీద పడి ఉంటాయి. పిల్లలు చెప్పులతో ఉండాలి, వైరున్న గట్టు ఎక్కకూడదు, ఆ నాన్న గీసిన గీత దాటకూడదు.

గల్ఫ్ నాన్నలు. వాళ్ళని లెక్కలోంచి తీసేయకండి, అందరి కంటే ఎక్కువగా ఇలాంటి అవకాశం కోసం చూసేది వాళ్ళే. కువైట్, ఖతర్‌లో శుక్రవారం సెలవు ఎక్కువమందికి. అక్కడి టైము మనకి రెండున్నర గంటలు వెనక. గురువారం రాత్రి ఫోన్ చేసి ఒక పని చెప్పండి. "అన్నయ్యా, మీరు మొదటిసారి విమానం ఎక్కిన రోజు గురించి మా పిల్లలకి ఐదు నిమిషాలు మాట్లాడి వాయిస్ పంపండి" అని. లేదా ఎడారిలో డ్రైవింగ్‌కి బయల్దేరే ముందు బండిలో ఏమేం చూసుకుంటారో వీడియో తీయమనండి. శనివారం పొయ్యి చుట్టూ కూర్చుని అందరూ వినాలి, ఆ ముగ్గురు పిల్లలు మాత్రమే కాదు. ఆ తర్వాత పిల్లలు అడిగిన ప్రశ్నలు ఆయనకి తిరిగి పంపండి. ఫోన్‌లో కొడుకుతో "చదువుతున్నావా, అమ్మ మాట వింటున్నావా" అని రెండు ముక్కలు తప్ప మాట దొరకని నాన్నకి మాట్లాడటానికి ఒక విషయం దొరుకుతుంది. క్యాంపు రోజు మాత్రం ఆ ముగ్గురికీ ఎవరో ఒక పెద్దాయన ముందే కుదిరి ఉండాలి, మేనమామో, తాతో, పక్కింటి బాబాయో. ఆ పెద్దమనిషిని ఎంచుకునేది పిల్లాడి తల్లి, మీరు కాదు.

తాగే ఆయన విషయం. క్యాంపులో మందు వాసనతో ఎవరూ ఉండకూడదు, ఇందులో మొహమాటం లేదు. కానీ ఆయన్ని వదిలేయకండి కూడా. సాధారణంగా ఇలాంటివాళ్ళు పొద్దున్న బంగారం. అందుకని ఆయనకి పొద్దున్న పని ఇవ్వండి. క్యాంపు చోటు శుభ్రం చేయడం, పొయ్యి రాళ్ళు పేర్చడం, కట్టెలు కొట్టించడం. మధ్యాహ్నం భోజనం పెట్టి, కృతజ్ఞత చెప్పి, బండి మీద మీరే ఇంటి దగ్గర దింపి రండి. ఒకవేళ రాత్రి తాగి వచ్చాడనుకోండి, కొడుకు చూడకముందే ఒకరు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి గట్టు దాటించాలి. ఆ ఒకరెవరో ముందే అనుకోండి. అప్పటికప్పుడు అనుకుంటే నలుగురూ అరుస్తారు, పిల్లాడు మిగతా రాత్రంతా దుప్పటి ముసుగులో గడుపుతాడు.

విశ్వాసి కాని నాన్న. ఆయన దగ్గరికి మీరే వెళ్ళి ఏం చేస్తారో దాచకుండా చెప్పండి. పాట పాడతాం, బైబిల్ చదువుతాం, ప్రార్థన చేస్తాం, మిగతా టైమంతా తాళ్ళు, పొయ్యి, నీళ్ళు. మీ అబ్బాయిని మా దాంట్లో కలుపుకోవడానికి క్యాంపు ఎర కాదు అని ఆ మాటే చెప్పండి, చెప్పాక ఆ మాట మీద నిలబడండి. మన పల్లెల్లో పడవ పోటీలకైనా పెళ్ళి పందిళ్ళకైనా అందరూ కలిసే గుంజలు పాతుతారు. ఆయన వచ్చి పందిరి వేసి, పాట వేళకి బీడీ కాల్చుకోవడానికి గట్టు మీదికెళితే వెళ్ళనివ్వండి. నా ట్రూపులో అన్నిటికంటే ఎక్కువ ఏళ్ళు సాయం చేసిన నాన్న మా గుడి మెట్టెక్కని మనిషే.

ఇక అన్నీ తనే చేసేసే నాన్న. పాపం, ఆయన్ని తిట్టుకోకండి, వచ్చేది ఆయనొక్కడే. కానీ ఆయన కొడుకు చేతులు ఖాళీగా వేలాడుతుంటాయి చూడండి. గుడారం తాడు వదులైతే నాన్న బిగిస్తాడు, మంట ఆరితే నాన్న ఊదుతాడు, పైగా "ఇది కూడా రాదురా నీకు" అంటాడు. పిల్లలకి కోపం పుట్టించవద్దని పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన మాట పేరు పెట్టి నాన్నలతోనే అన్నది. దీనికి నాకు పనిచేసిన ఉపాయం ఒకటే. నాన్నల్ని మార్చేయడం. ఏ నాన్నా మొదటి పూట తన కొడుకు గుంపులో ఉండకూడదు. ఊరి వాళ్ళ పిల్లాడి దగ్గర అదే మనిషికి ఎక్కడ లేని ఓపిక వస్తుంది, ఎందుకో దేవుడికే తెలియాలి. మరుసటి రోజు పొద్దున్న ఒక గంట మాత్రం నాన్నా కొడుకూ కలిసి చేసే పని పెట్టండి. నడక అయితే మంచిది. ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడుకోలేని మగాళ్ళు పక్కపక్కన నడుస్తుంటే మాట్లాడుకుంటారు. నాన్న రాని పిల్లలు ఆ గంట మీతోనూ ఆ కుదిరిన పెద్దాయనలతోనూ వంటలో ఉండాలి, అదీ సరదాగా ఉండే పనిలో. చేపలు కడగడం లాంటి చాకిరీ వాళ్ళకి వేయకండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. నాన్నలొస్తున్నారంటే పెద్దవాళ్ళు ఎక్కువవుతున్నారని అర్థం. ఎక్కువమంది ఉంటే పిల్లలకి భద్రత దానంతట అదే వస్తుందనుకోకండి. ఏ పెద్దమనిషీ, మీరైనా పాస్టరుగారైనా, ఒక్క పిల్లాడితో ఒంటరిగా కనుమరుగు కాకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. పడుకునేటప్పుడు పెద్దల వరస వేరు, పిల్లల వరస వేరు. స్నానాలప్పుడు ఎవరి ఫోనూ బయటికి రాకూడదు. పిల్లల మీద లైంగిక నేరాల గురించి 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడపిల్లలకే కాదు, 18 ఏళ్ళ లోపు మగపిల్లలకీ వర్తిస్తుంది. అలాంటిది జరిగిందని తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం ఆ చట్టం కింద నేరం. "సంఘం పరువు" అని ఎవరైనా సర్దిచెప్పబోతే వినకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలందరికీ నోటికి రావాలి. ఇదంతా నాన్నల మొదటి కలయికలోనే చెప్పండి. మంచి నాన్న ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నాయన ఉంటే ఆయన్ని రాత్రికి ఉంచకండి.

నీళ్ళ దగ్గర ఇంకా గట్టిగా ఉండాలి. లంకలో రాత్రి క్యాంపు అన్నారు, నాకు నచ్చలేదు. రాత్రి ఒక పిల్లాడికి కడుపునొప్పి వస్తే ఏరు దాటించాలి. మొదటిసారి కదా, ఇవతలి ఒడ్డునే ఎవరిదైనా కొబ్బరితోట అడగండి. దింపు అయిన తోట చూసుకోండి, కాయలున్న చెట్టు కింద గుడారం వేయకూడదని దింపు నాన్న చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు. పగలు లంకకి వెళ్ళిరండి, తలకొక లైఫ్ జాకెట్ ఉంటేనే. ఏట్లో ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు, మోకాలి లోతులో నడిచే కుర్రాడు మరుసటి అడుగులో మునిగిపోతాడు. ఈత వచ్చిన నాన్నలు ఇద్దరు నీళ్ళలో, ఒకరు ఒడ్డున తాడుతో. పిల్లల్ని జంటలుగా కట్టి పది నిమిషాలకోసారి లెక్కపెట్టండి. మీకిది అతి అనిపిస్తే లూకా సువార్త చూడండి. పన్నెండేళ్ళ యేసు గుంపులోనే ఉన్నాడులే అనుకుని యోసేపు, మరియ ఒక రోజు ప్రయాణం వెళ్ళిపోయాక గానీ వెతకడం మొదలుపెట్టలేదు. అంతటివాళ్ళకే లెక్క తప్పింది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి, మీకింకా పెళ్ళయిందో లేదో రాయలేదు గానీ పనికొస్తుంది. ఊళ్ళో పిల్లలందరితో ఇరవై ఏళ్ళు క్యాంపులు తిరిగాను. మా అబ్బాయి కూడా ట్రూపులోనే ఉండేవాడు. పక్షపాతం అంటారని వాణ్ణి అందరి కంటే వెనక నిలబెట్టేవాణ్ణి, మంచి పనులు వేరే పిల్లలకి ఇచ్చేవాణ్ణి. అది న్యాయం అనుకున్నాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు నవ్వుతూ అన్నాడు, "క్యాంపులో అందరికీ మాస్టారు ఉండేవారు నాన్నా, నాకే ఎవరూ ఉండేవారు కాదు" అని. వాడికిప్పుడు నలభై దాటాయి. నేనూ నవ్వాను. పెరట్లోకెళ్ళి కాసేపు మొక్కలకి నీళ్ళు పోశాను.

ఎంతమంది వస్తారని ఎదురుచూడాలి అంటారా? ఫిబ్రవరికి ఆరుగురు నాన్నలు రెండేసి గంటలు ఏదో ఒక పని చేసి, అందులో ముగ్గురు రాత్రికి ఉంటే చాలా బాగా జరిగినట్టు. మీతో కలిపి రాత్రికి నలుగురు పెద్దలు కూడా కుదరకపోతే రాత్రి క్యాంపు మానేసి పగటి పూట పెట్టండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. పాస్టరుగారితో కూడా ఈ లెక్కే చెప్పండి. రూల్ పెట్టలేదని నొచ్చుకుంటే ఆయనకీ ఒక పని ఇవ్వండి. వాక్యం కాదు, కూరకి ఉల్లిపాయలు తరగడం. మైకు లేకుండా పిల్లల పక్కన కింద కూర్చున్న పాస్టరుగారిని చూస్తే వేపచెట్టు కింది నాన్నలకి సగం భయం పోతుంది.

ఈ శనివారం పిల్లాణ్ణి దింపడానికి వచ్చిన మొదటి బండి దగ్గరికి మీరే నడిచి వెళ్ళండి. ఇంజను ఆగేదాకా ఏమీ అడక్కండి. ఊరికే, "మీ దగ్గర మంచి కొబ్బరి తాడు ఉందా అన్నయ్యా, మాది తెగిపోతోంది" అనండి.

ఫిబ్రవరిలో తోటల్లో తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది. దుప్పట్లు తలకి రెండేసి తెచ్చుకోమనండి, నాన్నలకి కూడా.